మూడు రాత్రుల లెక్క

న్యాల్‌కల్ ఊరు. వానకాలం. రాత్రి పదకొండు దాటింది. ఊరంతా సద్దుమణిగింది.

ఒక ఇంట్లో మంచం కిర్రుమన్నది. అత్త లేచింది. గోడ పట్టుకుని నడిచింది. మరుగుదొడ్డి పెరట్లో ఒక మూలకు ఉంది. అక్కడిదాకా పోయి వచ్చింది. పడుకుంది. గంటన్నర గడిచింది. మళ్ళీ లేచింది. తెల్లారేలోపు నాలుగుసార్లు లేచింది.

నాలుగోసారి కాలు జారింది. ధబ్బుమని పడింది. కోడలు లైటు వేసి ఉరికి వచ్చింది.

"ఏమైంది అత్తమ్మా? దెబ్బ తాకిందా?"

"ఏం కాలే బిడ్డా. ఒంటేలుకు లేచిన. బురదల కాలు జారింది."

"ఇది నాలుగోసారి. ఎన్ని రోజుల సంది ఇట్లయితుంది?"

"మూడు నాలుగు నెలలాయె. అరవై ఏండ్లు దాటినయి గదా. ముసలితనంల ఇట్లనే ఉంటది. ఇది ఎవరికి చెప్పుకుంటం? సిగ్గు మాట."

మోకాలు వాచింది. ఎముక విరగలేదు. అదే నయం.

తెల్లారి నుంచి అత్త ఒక పని చేసింది. నీళ్ళు తాగడం తగ్గించింది. మధ్యాహ్నం దాటితే చెంబు ముట్టలేదు. నోరు ఎండిపోయింది. కళ్ళు తిరిగాయి. అయినా రాత్రి లేవడం తగ్గలేదు.

కోడలికి అనుమానం వచ్చింది. "నీళ్ళు తాగకపోయినా ఇంత ఒంటేలు ఏడికెల్లి వస్తుంది?" అనుకుంది.

సంఘంలో మాట

ఇది ఒక్క ఇంటి కథ కాదు. చాలా ఇళ్ళలో జరిగే కథ.

న్యాల్‌కల్ ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. 2016 వరకు మెదక్ జిల్లాలో ఉండేది. ఒక పక్క జహీరాబాద్. ఇంకో పక్క కర్ణాటక. బీదర్ దగ్గరే. ఇక్కడి ఆడవాళ్ళు పొద్దంతా చేన్లలోనే ఉంటారు. కంది, జొన్న, శనగ, పత్తి పనులు చేస్తారు. చేన్లో చాటు ఉండదు. అందుకని చాలామంది పగలు నీళ్ళు తాగరు. ఒంటేలు వచ్చినా ఆపుకుంటారు. పొద్దుగూకినాక ఇంటికి వచ్చి కడుపునిండా తాగుతారు.

ఆ వారం పొదుపు సంఘం కూర్చుంది. డబ్బు లెక్కలు అయిపోయాయి. కోడలు మెల్లగా అత్త సంగతి చెప్పింది. ముందు అందరూ నవ్వారు. తరువాత నవ్వు ఆగింది.

"నేను గూడ మూడుసార్లు లేస్త" అన్నది ఒకామె.

"నాకైతే మంట. చుక్క చుక్క వస్తది" అన్నది ఇంకొకామె.

"మా ఇంటాయన నిలబడి నిలబడి వస్తడు. అయినా పూర్తిగ రాదంటడు" అన్నది మరొకామె.

ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళే దాచుకున్నారు. ఒక్కరు నోరు తెరిస్తే అందరి బాధా బయటికి వచ్చింది.

సంఘం అక్క ఇలా అన్నది: "మన జహీరాబాద్ దిక్కు ఆడోళ్ళు విత్తనాలు దాచిండ్రు. ఏ చేన్ల ఏ గింజ పండుతదో లెక్క చెప్పిండ్రు. 2008ల మాచునూరుల సంగం రేడియో పెట్టి నడిపిండ్రు. గింజల లెక్క తెలిసినోళ్ళకు ఒంటి లెక్క తెలువదా? నర్సమ్మను పిలుద్దాం."

నర్సమ్మ చెప్పిన సంగతి

మరునాడు నర్సమ్మ వచ్చింది. ఆశా కార్యకర్త కూడా వెంట వచ్చింది.

"మన నడుముకు రెండు పక్కలా రెండు మూత్రపిండాలు ఉంటాయి. ఒక్కొక్కటి పిడికిలంత ఉంటుంది. అవి రక్తాన్ని వడపోస్తాయి. చెడును, ఎక్కువైన నీటిని మూత్రంగా మారుస్తాయి. ఆ మూత్రం పొత్తికడుపులోని సంచిలోకి చేరుతుంది. సంచి నిండితే మనకు తెలుస్తుంది. రోజంతా కలిపి లీటరు నుంచి రెండు లీటర్ల దాకా మూత్రం వస్తుంది.

"రాత్రి పడుకుంటే మూత్రం తక్కువ తయారవుతుంది. అందుకే చాలామంది తెల్లారేదాకా నిద్రపోతారు. వయసు పెరిగినాక ఒకసారి లేవడం మామూలే. గర్భిణులు కూడా లేస్తారు. కానీ రోజూ రెండుసార్లు, మూడుసార్లు లేస్తుంటే ఎందుకో తెలుసుకోవాలి. వయసు అని ఊరుకోవద్దు."

అత్త అడిగింది. "నీళ్ళు బందు చేసిన నర్సమ్మా. అయినా తగ్గలే. ఎందుకు?"

"నీళ్ళు బందు చేయవద్దు అవ్వా. అది అపాయం. ముందు లెక్క రాద్దాం. లెక్క చూస్తే కారణం దొరుకుతుంది."

లెక్క ఎట్లా రాయాలి?

నర్సమ్మ ఒక పాత నోటుపుస్తకం అడిగింది. కోడలు తెచ్చింది. ఆమె వయోజన విద్య తరగతిలో చదువు నేర్చుకుంది. అంకెలు బాగా రాస్తుంది.

"మూడు పగళ్ళు, మూడు రాత్రులు రాయాలి. నాలుగు సంగతులు రాయాలి.

ఒకటి: ఎన్ని గంటలకు పోయింది?

రెండు: ఎంత పోయింది? పాత ప్లాస్టిక్ సీసా పైభాగం కోయండి. పావు లీటరు కొలతతో నీళ్ళు పోసి, అక్కడ గీత గీయండి. మూత్రం గీత దాటితే 'చాలా' అని రాయండి. గీతకు బాగా కింద ఉంటే 'కొంచెం' అని రాయండి.

మూడు: ఏమి తాగింది? ఎప్పుడు తాగింది? నీళ్ళు, చాయ్, మజ్జిగ, కల్లు అన్నీ రాయండి.

నాలుగు: మంట ఉందా? ఆపుకోలేకపోయిందా? కాళ్ళు వాచాయా?"

కోడలు మొదటి రాత్రి ఇలా రాసింది.

రాత్రి 9 – పడుకున్నది
10:30 – చాలా
12:15 – చాలా, నీళ్ళు తాగింది
2:30 – చాలా
4:30 – చాలా, నీళ్ళు తాగింది
మంట లేదు

మూడు రోజులూ అట్లాగే ఉంది. పగలు ఎనిమిదిసార్లు, రాత్రి నాలుగుసార్లు. ప్రతిసారీ గీత దాటింది. కోడలు కూడింది. రోజుకు మూడు లీటర్లు దాటింది.

నర్సమ్మ పుస్తకం చూసింది. "ఈ లెక్క డాక్టరుకు చూపించాలి. షుగర్ పరీక్ష చేయించాలి" అన్నది.

రెండు దారులు

నర్సమ్మ అందరికీ ఒక గుర్తు చెప్పింది.

ప్రతిసారీ చాలా పోతుంటే, ఒంట్లో మూత్రం ఎక్కువ తయారవుతున్నది. షుగర్ కావచ్చు. నీళ్ళు, చాయ్ ఎక్కువ తాగడం కావచ్చు. కాళ్ళ వాపు కావచ్చు. మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు కావచ్చు.

ప్రతిసారీ కొంచెం కొంచెం పోతుంటే, సంచి దగ్గర ఏదో ఇబ్బంది ఉన్నది. మూత్రంలో చీము కావచ్చు. గర్భసంచి జారడం కావచ్చు. మలబద్ధకం కావచ్చు. మగవాళ్ళకైతే ప్రోస్టేట్ గ్రంథి పెరగడం కావచ్చు.

ఈ గుర్తుతోనే జబ్బు తేలదు. పరీక్ష చేస్తేనే తేలుతుంది. కానీ ఏ దారిన వెతకాలో తెలుస్తుంది.

అత్తకు ఏం తేలింది?

పొద్దున్నే ఏమీ తినకుండా అత్త సర్కారు దవాఖానకు పోయింది. వేలి నుంచి ఒక చుక్క రక్తం తీశారు. మిషన్‌లో 214 అని వచ్చింది. డాక్టరు మళ్ళీ రక్తం తీయించి పరీక్ష చేయించాడు. అత్తకు షుగర్ ఉందని తేలింది.

ఖాళీ కడుపుతో చూస్తే షుగర్ 100 లోపు ఉండాలి. 100 నుంచి 125 దాకా ఉంటే హెచ్చరిక. 126 గానీ ఆ పైన గానీ ఉంటే, ఇంకోసారి పరీక్ష చేసి షుగర్ జబ్బు అని తేలుస్తారు.

షుగర్‌కూ ఒంటేలుకూ ఏమి సంబంధం? రక్తంలో చక్కెర బాగా పెరుగుతుంది. సుమారు 180 దాటితే అది మూత్రంలోకి దిగుతుంది. చక్కెర ఒంటరిగా పోదు. తనతోపాటు నీటిని లాక్కుపోతుంది. అందుకే మూత్రం ఎక్కువవుతుంది. ఒంట్లో నీరు తగ్గి దాహం వేస్తుంది. అత్త నీళ్ళు మానేసినా మూత్రం ఆగలేదు. ఒంట్లో ఉన్న నీరే బయటికి పోయింది. కళ్ళు తిరిగింది అందుకే.

ఈ సంగతి పాతకాలం వైద్యులకు కూడా తెలుసు. మూత్రానికి చీమలు పట్టడం వాళ్ళు చూశారు. అందుకే దీనికి మధుమేహం అని పేరు పెట్టారు. మధువు అంటే తేనె. తెలుగులో అతిమూత్ర వ్యాధి అని కూడా అన్నారు. పేరులోనే గుర్తు ఉంది. కానీ అప్పుడు సరైన మందు లేదు. 1921లో కెనడా దేశంలో ఇన్సులిన్‌ను కనుగొన్నారు. 1922 జనవరిలో ఒక 14 ఏళ్ళ పిల్లవాడికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. ఇప్పుడు గోలీలు కూడా ఉన్నాయి. అందరికీ ఇంజెక్షన్ అవసరం పడదు.

"జొన్న రొట్టె తినేటోళ్ళకు షుగర్ రాదంటరు గదా?" అని అత్త అడిగింది.

"జొన్న, కొర్ర మంచివే అమ్మా. తెల్లన్నం కంటే మేలు. కానీ అవి తిన్నా షుగర్ రావచ్చు. ఎంత తింటున్నామో కూడా చూసుకోవాలి" అన్నాడు డాక్టరు. గోలీలు ఇచ్చాడు. పాదాలు చూశాడు. కళ్ళ పరీక్ష చేయించుకోమని చెప్పాడు.

ఒకటి మరువద్దు. షుగర్ ఉన్న అందరికీ మూత్రం ఎక్కువ రాదు. చాలామందికి ఏ గుర్తూ కనపడదు. అందుకే 30 ఏళ్ళు దాటినవాళ్ళంతా షుగర్, బీపీ చూపించుకోవాలి. ఆరోగ్య ఉపకేంద్రంలో ఈ పరీక్షలకు డబ్బు కట్టనక్కరలేదు.

మిగతావాళ్ళ సంగతి

సంఘంలో ఇంకా కొందరు లెక్క రాశారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కారణం.

ఒకామె పగలంతా రెండు గ్లాసుల నీళ్ళే తాగింది. పొద్దుగూకినాక రెండు చెంబులు తాగింది. తొమ్మిది గంటలకు చాయ్ తాగింది. ఆమెకు జబ్బు లేదు. వేళ తప్పింది, అంతే. చాయ్ మూత్రాన్ని పెంచుతుంది, నిద్ర చెడగొడుతుంది. కల్లు, సారా కూడా అంతే. ఆమె చేనుకు సీసాలో నీళ్ళు తీసుకుపోవడం మొదలుపెట్టింది. గట్టు మీద నాలుగు కట్టెలు పాతి పాత చీర కట్టారు. కూలికి వచ్చిన ఆడవాళ్ళందరికీ చాటు దొరికింది.

మంట ఉన్నామెకు మూత్ర పరీక్ష చేశారు. చీము కణాలు ఉన్నాయి. మూత్రం గంటలకొద్దీ ఆపుకుంటే, నీళ్ళు తక్కువ తాగితే ఇట్లా రావచ్చు. మంట తగ్గినా డాక్టరు చెప్పినన్ని రోజులు మందు వాడాలి. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనకకు కడుక్కోవాలి. గర్భిణికి మంట వస్తే ఆలస్యం చేయవద్దు. బిడ్డ నెల తక్కువలో పుట్టే అపాయం ఉంది.

ఇంకొకామెకు సాయంత్రానికి కాళ్ళు వాచేవి. పగలు నిలబడితే నీరు కాళ్ళలోకి దిగుతుంది. రాత్రి పడుకుంటే ఆ నీరు మళ్ళీ రక్తంలో కలుస్తుంది. మూత్రంగా బయటికి పోతుంది. మధ్యాహ్నం కొంతసేపు కాళ్ళు ఎత్తులో పెట్టి పడుకుంటే రాత్రి లేవడం తగ్గవచ్చు. కానీ వాపు గుండె జబ్బుకూ, మూత్రపిండాల జబ్బుకూ గుర్తు కావచ్చు. అందుకే ముందు డాక్టరుకు చూపించాలి. ఉప్పు, పచ్చళ్ళు తగ్గించాలి.

ఒక పెద్దామె బీపీ గోలీ రాత్రి వేసుకునేది. కొన్ని బీపీ గోలీలు ఒంట్లో నీటిని మూత్రంగా పంపుతాయి. డాక్టరును అడిగితే పొద్దున వేసుకోమన్నాడు. రాత్రి లేవడం తగ్గింది. గోలీ వేళ ఎవరూ తమంతట తాము మార్చుకోవద్దు. మానేయడం ఇంకా తప్పు.

మరొకామె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి నర్సమ్మ చెవిలో చెప్పింది. "కిందికి ఏదో జారినట్టు ఉంటది." గర్భసంచి జారితే మూత్రపు సంచి పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు. దానికి వ్యాయామాలు ఉన్నాయి. లోపల పెట్టే రింగు ఉంది. అవసరమైతే ఆపరేషన్ ఉంది. గర్భసంచి తీసేయడం ఒక్కటే దారి కాదు. 2015–16లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు దేశం మొత్తం కంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎక్కువ అని అందులో తేలింది. అందుకే తొందరపడి ఒప్పుకోవద్దు. ఇంకో డాక్టరును కూడా అడగాలి.

నిలబడి నిలబడి వచ్చే ఇంటాయనను భార్య వెంటబెట్టుకుని తీసుకుపోయింది. మగవాళ్ళకు మూత్రపు సంచి కింద ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. 50 ఏళ్ళు దాటినాక అది పెరిగి దారికి అడ్డం పడవచ్చు. చాలామందికి మందులతో నెమ్మదిస్తుంది.

గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగినట్టయ్యే వాళ్ళు కూడా రాత్రి మాటిమాటికి లేస్తారు. ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

పడకుండా చూడండి

రాత్రి లేచేవాళ్ళకు పడిపోయే భయం ఎక్కువ. పెద్దవాళ్ళు పడితే తుంటి ఎముక విరగవచ్చు. వానకాలంలో పాముల భయం ఉంది.

కోడలు మరుగుదొడ్డి దాకా దారి సాఫు చేసింది. నాపరాళ్ళు పరిచింది. చిన్న బల్బు పెట్టించింది. అత్త తలగడ పక్కన టార్చిలైటు పెట్టింది. వాన పడే రాత్రులకు మూత ఉన్న బకెట్టు గదిలోనే పెట్టింది. "లేవంగనే నడువకు అత్తమ్మా. కొంచెంసేపు మంచం మీద కూసో. తరువాత లెయ్" అని చెప్పింది.

నెలన్నర గడిచింది. అత్త గోలీలు తప్పకుండా వేసుకుంటున్నది. అన్నం తగ్గించింది. పొద్దున, సాయంత్రం నడుస్తున్నది. దాహం తగ్గింది. రాత్రి ఒక్కసారే లేస్తున్నది.

ఒక పొద్దున కోడలు నోటుపుస్తకం తెరిచింది. అప్పటికే ఒక గీత గీసి ఉంది. వంకరగా ఉంది.

"ఇది ఎవరు గీసిండ్రు?"

"నేనే" అన్నది అత్త. "రాత్రి ఒక్కపారి లేచిన. ఒక్క గీత పెట్టిన. దాని పక్కన ఒకటి అంకె ఎట్లా రాయాల్నో చెప్పు."

కోడలు పెన్సిల్ ఆమె చేతిలో పెట్టింది. చెయ్యి పట్టుకుని 1 రాయించింది.

గుర్తుంచుకోండి

రాత్రి మాటిమాటికి లేవడం సిగ్గుపడే సంగతి కాదు. అది ఒళ్ళు చెప్పే కబురు.

నీళ్ళు మానవద్దు. పగలు బాగా తాగండి. పడుకునే ముందు రెండు మూడు గంటలు తగ్గించండి. బాగా దాహమైతే మాత్రం ఆపుకోవద్దు. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పినంతే తాగాలి.

పొద్దుగూకినాక చాయ్ తాగవద్దు. ఒంటేలు ఆపుకోవద్దు. పడుకోబోయే ముందు ఒకసారి పోయి రండి.

మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరం వచ్చి నడుము నొప్పి పుట్టినా, ముఖం వాచినా అదే రోజు దవాఖానకు పోండి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, ఆయాసం వచ్చినా, షుగర్ ఉన్నవాళ్ళు వాంతులతో మత్తుగా పడిపోయినా 108కు ఫోన్ చేయండి.

చెప్పండి

1. అత్త నీళ్ళు మానేసినా మూత్రం ఎందుకు ఆగలేదు?
2. మూత్రం 'చాలా' పోవడానికి, 'కొంచెం' పోవడానికి కారణాలలో తేడా ఏమిటి?
3. మీ ఊరి చేన్లలో ఆడవాళ్ళకు చాటు ఉందా? లేకపోతే ఏమి చేయవచ్చు?

రాయండి

మీ ఇంట్లో రాత్రి మాటిమాటికి లేచేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళను అడిగి మూడు రాత్రుల లెక్క రాయండి. ఆ కాగితం దవాఖానకు తీసుకుపోండి.